దాక్కున్న ఊరే సభ పెట్టి తలచుకుంది

మాజీ హెవీవెయిట్ ఛాంపియన్ జార్జ్ ఫోర్‌మన్ 2025 మార్చి 21న కన్నుమూశారు. ఏప్రిల్ 14న హ్యూస్టన్ నగరమే వోర్థమ్ థియేటర్‌లో ఆయన సంస్మరణ సభ జరిపింది. కుర్రతనంలో ఆ ఊళ్లోనే పోలీసులకు దొరక్కుండా దాక్కున్న మనిషి ఆయన!

1949లో టెక్సాస్‌లోని మార్షల్‌లో పుట్టి, హ్యూస్టన్‌లోని ఫిఫ్త్ వార్డ్‌లో పేదరికంలో పెరిగారు. బడి మానేసి దారిదోపిడీలకు దిగారు. ఒకసారి పోలీసు కుక్కలు పసిగడతాయన్న భయంతో ఓ ఇంటి కింద దూరి, ఒళ్లంతా మురుగు బురద పూసుకుని పడుకున్నారు. తానొక దొంగనని అప్పుడే తెలిసివచ్చిందని తర్వాత చెప్పుకున్నారు. ఆయన్ను ఒడ్డున పడేసింది పేద యువతకు పని నేర్పే ప్రభుత్వ పథకం జాబ్ కోర్. బాక్సింగ్ నేర్పిన డాక్ బ్రాడస్ దొరికిందీ అక్కడే. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో స్వర్ణం, 1973లో ప్రపంచ టైటిల్.

నేనుండే సింగపూర్‌లో జైలు నుంచి వచ్చినవారికి మరో అవకాశం ఇవ్వమంటూ 2004 నుంచి ఎల్లో రిబ్బన్ ప్రాజెక్ట్ నడుస్తోంది. మన తెలుగిళ్లలో మాత్రం పిల్లాడు దారి తప్పితే నలుగురికీ తెలియకుండా దాచడమే ముందు చూసుకుంటాం. అందుకే నాకు ఫోర్‌మన్ పతకాలకన్నా 1984లో హ్యూస్టన్ కుర్రాళ్ల కోసం ఆయన తెరిచిన సెంటర్ పెద్దదనిపిస్తుంది. దాన్ని నడపడానికి డబ్బు కావాలనే 38వ ఏట మళ్లీ రింగులోకి దిగారు.

1994లో, 45 ఏళ్ల వయసులో, మైఖేల్ మూరర్‌ను పదో రౌండ్‌లో పడగొట్టి మళ్లీ ఛాంపియన్ అయ్యారు. ఆ రోజు వేసుకున్నది, ఇరవై ఏళ్ల కిందట అలీ చేతిలో ఓడినప్పటి ఎర్ర నిక్కరే.