పండ్లరసము – పథ్యము

తాటిపాక కూడలిలో బస్సు దిగిన చుట్టమునకు కోనసీమవారు చేయు మొదటి మర్యాద కొబ్బరిబొండము. ఆయన “నాకు చక్కెరవ్యాధి” అని సంకోచించినచో, “పండ్లరసమునకు దోషమేమి?” అని బత్తాయిరసము చేతికిత్తురు. మా మేనమామ కాఫీలో చక్కెర మానివేసి, బదులుగా రెండుపూటల ఈ రసమే త్రాగెడివాడు. తాను పథ్యము చేయుచున్నానని ఆయన నమ్మకము. పరీక్షలో చక్కెర తగ్గలేదేమని ఆయన ఆశ్చర్యము.

ఈ వ్యాధి మనకు క్రొత్తది కాదు. రోగి మూత్రమునకు చీమలు పట్టుటను చరకసంహిత గుర్తించినది. అందు చెప్పిన కారణములలో కదలక సుఖముగా కూర్చుండుట, అతినిద్ర, పెరుగు, పాలు, క్రొత్త ధాన్యము, బెల్లపు వంటకములు ఉన్నవి. గోదావరి లంకలలో భోజనము చేసి వ్రాసిరా యనిపించును! 1776లో మాథ్యూ డాబ్సన్ అను ఆంగ్ల వైద్యుడు మూత్రమును ఇగిరించి, మిగిలిన పదార్థము చక్కెరయే యని నిరూపించెను.

ఇక రసమునకు గౌరవమెట్లు వచ్చినది? 1932 సెప్టెంబరు 26న ఎరవాడ జైలులో గాంధీజీ కస్తూరిబా అందించిన నారింజరసముతో ఉపవాసము విరమించెను. దీక్షలు పండ్లరసముతోనో నిమ్మరసముతోనో ముగియుట మనకు పరిచితమైన దృశ్యము. రోగిని చూడబోవువాడును బత్తాయిలు కొనిపోవును. నీరసించినవానికి త్వరగా శక్తినిచ్చును గనుకనే ఆ గౌరవము. మధుమేహికి చిక్కు తెచ్చునదియు ఆ త్వరయే.

పండు నమలి తినువాడు ఒకటి రెండు బత్తాయిలతో ఆగును. గ్లాసు నిండుటకు మూడు నాలుగు కావలెను. పీచు వడపోతలో నిలిచిపోవును. చక్కెర లోనికి పోయి రక్తమున వేగముగా చేరును. 2013లో ప్రకటితమైన హార్వర్డు పరిశోధకుల పరిశీలనలో పండ్లు తినువారికి మధుమేహపు ముప్పు తక్కువగాను, రసము త్రాగువారికి ఎక్కువగాను కనబడినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో రసములోని చక్కెరను తేనెతో ఒకే పంక్తిని కూర్చుండబెట్టినది.

మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరున పుట్టి, 1958లో ఇచటికి వచ్చినది. 2024 నాటి దాని సూచనలలో 100 మిల్లీలీటర్ల చెరకురసమున 13 నుండి 15 గ్రాముల చక్కెర ఉండునని కలదు. పెద్ద గ్లాసనగా ఏడెనిమిది చెంచాల చక్కెర! లేతబొండపు నీటిలో ఇది చాల తక్కువ; అయినను మూత్రపిండములు చెడినవారు అందలి పొటాషియము కారణముగా వైద్యుని అడిగియే త్రాగవలెను.

అట్లని రసమును ఇంటినుండి వెడలగొట్టరాదు. 1922 జనవరిలో టొరంటోలో పదునాలుగేండ్ల బాలునకు ఇన్సులిన్ ఇచ్చినప్పటినుండి వైద్యులకు మరియొక అపాయము ఎదురైనది: చక్కెర మితిమీరి పడిపోవుట. చెమటలు, వణకు, తత్తరపాటు దాని గుర్తులు. అప్పుడు నమలుచు కూర్చుండుటకు వ్యవధి యుండదు. సుమారు 150 మిల్లీలీటర్ల రసము త్రాగించి, 15 నిమిషములకు మరల పరీక్షింపవలెను. తగ్గియేయున్న మరల ఈయవలెను. స్పృహ తప్పినవాని నోట మాత్రమేమియు పోయరాదు. అది ఊపిరితిత్తులలోనికి పోవును. రాజోలుకో అమలాపురమునకో, దగ్గరనున్న ఆసుపత్రికి వెంటనే చేర్చవలెను.