రైతుల పాదాల సంరక్షణ: పాసిన వేళ్లు, పగుళ్లు, ముళ్లు, బెణుకులు – తీసుకోవాల్సిన జాగ్రత్తలు

పైరుకు తెగులు వస్తే ఆకు కోసుకుని రైతు సేవా కేంద్రానికి వస్తారు. ఎద్దు కుంటితే ఆ రోజే పశువుల డాక్టరుకు చూపిస్తారు. మన కాలికి పుండు పడితే మాత్రం "పని అయినాక చూద్దాంలే" అంటాం. ఆ మాట ఎంత దూరం తీసుకుపోతుందో చూశాను కాబట్టే ఈసారి పంట గురించి కాకుండా పాదాల గురించి రాస్తున్నాను.

కొన్నేళ్ల కిందట నాట్ల సమయంలో మా మండలంలో ఒక కౌలు రైతుకు గట్టు మీద కంపముల్లు దిగింది. పెద్దగా నొప్పి లేదని పని ఆపలేదు. పది రోజులకు పాదం వాచి, వేలు నల్లబడింది. తనకు షుగర్ ఉందన్న సంగతి ఆయనకు ఆసుపత్రిలో పరీక్ష చేసేదాకా తెలియదు. చివరికి బొటనవేలు తీసేయాల్సి వచ్చింది. ఆయన్ని మోసం చేసింది నొప్పి లేకపోవడమే. ఈ వ్యాసంలో ఒక్క మాటే గుర్తుంచుకోవాలంటే ఇది గుర్తుంచుకోండి: నొప్పి పుట్టే పుండు కంటే నొప్పి లేని పుండు ప్రమాదం.

వేళ్ల సందులు పాసిపోవడం

శ్రీశైలం నీళ్లు పోతిరెడ్డిపాడు, బానకచర్ల మీదుగా వెలుగోడు జలాశయానికి చేరి, కాలువలకు వదిలాక మన దగ్గర వరినాట్లు ఊపందుకుంటాయి. దమ్ము చేసేవాళ్లు, నాటేవాళ్లు, కలుపు తీసేవాళ్లు రోజుకు ఏడెనిమిది గంటలు బురదలోనే ఉంటారు. చర్మం నాని తెల్లబడుతుంది, వేళ్ల మధ్య చీలుతుంది, మంట, దురద, దుర్వాసన మొదలవుతాయి. ఆ చీలికల్లో శిలీంధ్రం చేరుతుంది. పంటకు తెగులు తెచ్చే శిలీంధ్రం లాగే దీనికీ కావాల్సింది తడి, వెచ్చదనం.

• లోతు బురదలో బూట్లు దిగబడిపోతాయి, అందరూ వేసుకోలేరు. కాబట్టి మడిలో దిగే ముందు పాదాలకు, వేళ్ల సందులకు వాజలీన్ గానీ కొబ్బరినూనె గానీ పట్టించండి. నీరు చర్మంలోకి తొందరగా ఇంకదు.
• మధ్యాహ్నం అన్నానికి గట్టెక్కినప్పుడు మంచినీళ్లతో కాళ్లు కడిగి, గుడ్డతో తుడిచి, ఆ అరగంట పొడిగా ఉంచండి.
• సాయంత్రం సబ్బుతో కడిగి ప్రతి వేలి సందునూ తుడవండి. రాత్రికి వేళ్ల మధ్య నూనె, క్రీము పెట్టకండి. అక్కడ పొడిగా ఉండటమే మందు.
• ఆడవాళ్లకు మెట్టెల కింద తడి నిలిచి పుండు పడుతుంది. నాట్ల రోజుల్లో మెట్టెలు వదులు చేసుకోండి. వేలు వాస్తే వెంటనే తీసేయండి. ఆలస్యమైతే కోసి తీయాల్సి వస్తుంది.
• దురద, పొట్టు లేవడం ఉంటే క్లోట్రిమజోల్ క్రీము రోజుకు రెండుసార్లు పలచగా రాయండి. దురద తగ్గగానే ఆపకుండా నాలుగు వారాలు వాడాలి.

మందుల షాపులో "అన్నిటికీ పనికొస్తుంది" అని ఇచ్చే ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. రెండు రోజుల్లో దురద తగ్గినట్టే ఉంటుంది గానీ శిలీంధ్రం లోపల ఇంకా పాకుతుంది. ఒట్టి క్లోట్రిమజోల్ కావాలని అడగండి. కిరోసిన్, బ్లీచింగ్ పొడి, పురుగుమందు పాదాలకు ఎప్పుడూ రాయకూడదు.

మడమ పగుళ్లు

రబీలో నల్లరేగడిలో శనగ వేసే రైతులకు ఈ బాధ తెలుసు. తెల్లవారుజామున శనగ చేలో నడిస్తే మంచుతో పాటు ఆకుల మీది పులుపు కాళ్లకు అంటుతుంది. అది ఆమ్లం. పగిలిన మడమకు తగిలితే భగ్గుమంటుంది. పొద్దెక్కి మంచు ఆరాక చేలోకి దిగండి. తప్పనిసరైతే మూసి ఉండే బూట్లు వేసుకోండి, తిరిగొచ్చాక కడుక్కోండి.

పగుళ్లకు రాత్రిపూట గోరువెచ్చని నీళ్లలో పదిహేను నిమిషాలు పాదాలు ఉంచి, మెత్తబడ్డ చర్మాన్ని రాయితో నెమ్మదిగా రుద్ది, తుడిచి, తడి పూర్తిగా ఆరకముందే మడమకు, అరికాలికి వాజలీన్ గానీ నూనె గానీ పట్టించి పాత మేజోళ్లు తొడుక్కోండి. రెండు వారాలు వరుసగా చేస్తే తేడా కనిపిస్తుంది. మందుల షాపులో యూరియా క్రీము దొరుకుతుంది, మంచిది. అయితే ఒక హెచ్చరిక: బస్తాలోని యూరియాకూ దీనికీ పేరు ఒకటే గానీ ఎరువు యూరియాను కాలికి రాయకూడదు. ఎరువు చల్లేటప్పుడు పగుళ్ల మీద గుడ్డ కట్టుకోండి.

పగులు లోతుగా పోయి రక్తం, చీము వస్తుంటే ఇంటి వైద్యం ఆపి ఆసుపత్రికి వెళ్లాలి.

ముల్లు, కొయ్యకాలు, ఇనుప ముక్క

సర్కారు కంప, తుమ్మ, రేగు, పల్లేరు, కోసిన తర్వాత చేలో మిగిలే జొన్న కొయ్యలు, పత్తి మోళ్లు – ఇవన్నీ మన కాళ్లకు పొంచి ఉండేవే. ముల్లు గుచ్చుకుంటే:

1. ముందు సబ్బు నీళ్లతో కడగండి. పైకి కనిపించే ముల్లును శుభ్రం చేసిన పట్టకారుతో లాగండి. సూదితో లోతుగా కెలకకండి.
2. కంపముల్లు మొన లోపలే విరిగిపోతుంది. వారం దాటినా నొక్కితే నొప్పి, గట్టి వాపు ఉంటే ముక్క లోపల ఉందని అనుమానించి డాక్టరుకు చూపించండి.
3. గాయం మీద పేడ, మట్టి, సున్నం, పసరు పెట్టకండి. ధనుర్వాతం తెచ్చే క్రిమి విత్తనాలు ఉండేది మట్టిలోనూ పశువుల పేడలోనే.
4. ధనుర్వాతం టీకా సంగతి చూసుకోండి. టీకాలు పూర్తిగా వేసుకున్నవాళ్లకు కూడా పదేళ్లకోసారి బూస్టర్ కావాలి. మట్టి, పేడ అంటిన గాయమైతే, చివరి టీకా వేసుకుని ఐదేళ్లు దాటితే మళ్లీ వేయించుకోవాలి. ఎప్పుడు వేసుకున్నారో గుర్తు లేకపోతే ఆ మాటే నర్సుకు చెప్పండి. గాయమైన రోజే వెళ్లడం మంచిది.

చీలమండ బెణికితే

గట్టు మీద కాలు జారినా, ఎండాకాలం రేగడి నెర్రెల్లో కాలు పడినా చీలమండ మడత పడుతుంది. మొదటి రెండు రోజులు నూనె పోసి రుద్దకండి, కాపడం పెట్టకండి. వాపు పెరుగుతుంది. ఐసు ముక్కలు గుడ్డలో చుట్టి పదిహేను ఇరవై నిమిషాలు పెట్టి తీయండి. రెండు మూడు గంటలకోసారి మళ్లీ పెట్టండి. సాగే బ్యాండేజీ చుట్టి, పడుకున్నప్పుడు కాలు కింద దిండు పెట్టుకోండి. నొప్పి తగ్గుతున్నకొద్దీ పాదాన్ని నెమ్మదిగా కదిలించడం, కొద్దికొద్దిగా నడవడం మొదలుపెట్టండి.

కాలు మోపి నాలుగు అడుగులు వేయలేకపోయినా, చీలమండకు అటూ ఇటూ ఉన్న ఎముక మీద నొక్కితే ప్రాణం పోయినట్టున్నా ఎక్స్‌రే తీయించాలి. మన రాయలసీమలో పుత్తూరు కట్టు మీద చాలామందికి నమ్మకం. ఏ కట్టు కట్టించుకున్నా ముందు ఎక్స్‌రే చూపించుకోండి. కట్టు కట్టాక వేళ్లు నీలంగా మారినా, చల్లబడినా, తిమ్మిరెక్కినా కట్టు వెంటనే విప్పించాలి. తెల్లారేదాకా ఆగకూడదు.

ఆనెకాయలు, మడమ నొప్పి

ఒకేచోట ఒత్తిడి, రాపిడి వల్ల ఆనెకాయ వస్తుంది. బ్లేడుతో కోయకండి. నానబెట్టి రాయితో రుద్దుతూ, మెత్తటి చెప్పు వేసుకోండి. షాపుల్లో దొరికే ఆనెకాయ పట్టీల్లో చర్మాన్ని తినే ఆమ్లం ఉంటుంది. షుగర్ ఉన్నవాళ్లు అవి వాడకూడదు.

పొద్దున లేచి మొదటి అడుగు వేయగానే మడమ కింద గుచ్చినట్టుండి, పది అడుగులకు తగ్గితే అది అరికాలి నరం పట్టేసిందని మనం అనుకునే బాధ. నిజానికి మడమ నుంచి వేళ్ల దాకా ఉండే పట్టీలాంటి కణజాలానికి వాపు వస్తుంది. అరిగిన చెప్పులు మార్చండి. మంచం దిగకముందే కాలి వేళ్లను చేత్తో మీ వైపు లాగి అర నిమిషం పట్టి ఉంచండి, పదిసార్లు చేయండి. తగ్గడానికి కొన్ని నెలలు పట్టొచ్చు, ఓపిక కావాలి.

మందు కొట్టేటప్పుడు

పురుగుమందు, కలుపుమందు కొట్టేటప్పుడు తడిసిన ఆకులు తగిలి పాదాల మీదుగా మందు ఒంటికి ఎక్కుతుంది. రబ్బరు బూట్లు వేసుకుని ప్యాంటు అంచు బూటు బయటికి ఉంచండి. లోపలికి దోపితే కారిన మందు బూటులోనే నిలుస్తుంది. బూట్లు ఉంటే పాము కాటు ముప్పు కూడా తగ్గుతుంది. కాటు పడితే కోయడం, తాడు బిగించడం చేయకుండా కాలు కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయండి.

షుగర్ ఉన్న రైతులకు

షుగర్ ఏళ్ల తరబడి ఉంటే పాదాల్లో స్పర్శ తగ్గుతుంది, రక్తం సరిగా పారదు. ముల్లు దిగినా తెలియదు, పుండు మానదు. ఇంట్లోనే ఒక పరీక్ష చేసుకోవచ్చు. మీరు కళ్లు మూసుకోండి. ఇంట్లోవాళ్లు రెండు పాదాల్లోనూ బొటనవేలు, మధ్యవేలు, చిటికెనవేలు కొసలను చూపుడువేలితో మెల్లగా తాకాలి, నొక్కకూడదు. మొత్తం ఆరు తాకుల్లో రెండు గానీ అంతకంటే ఎక్కువ గానీ తెలియకపోతే డాక్టరుకు పాదాలు చూపించాల్సిందే.

• ఇంట్లో కూడా వట్టి కాళ్లతో తిరగకండి. చెప్పులు వేసుకునే ముందు దులిపి, లోపల చెయ్యి పెట్టి చూడండి.
• కాళ్లకు వేడినీళ్లు పోసుకునే ముందు మోచేతితో వేడి చూడండి. నిప్పు కాపడం వద్దు.
• శివరాత్రికి, ఉగాదికి వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు మీదుగా శ్రీశైలం నడిచి వెళ్లేవాళ్లు, స్పర్శ తగ్గి ఉంటే వట్టి కాళ్లతో నల్లమల దారి పట్టకండి. డాక్టరును అడిగి, బూట్లు, మేజోళ్లతో బయలుదేరండి. భక్తి తగ్గదు.

షుగర్ లేకపోయినా కాలి మీద స్పర్శ లేని మచ్చ ఉంటే కుష్ఠు పరీక్ష చేయించుకోండి. మందులు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం, జబ్బు పూర్తిగా నయమవుతుంది.

ఆలస్యం చేయకూడని గుర్తులు

• ఎరుపు, వాపు పాదం నుంచి పైకి పాకడం, చలిజ్వరం
• వేలు నల్లబడటం, పుండు నుంచి దుర్వాసన
• షుగర్ ఉన్నవాళ్లకు ఎంత చిన్న పుండైనా
• బురదలో పనిచేశాక జ్వరం, పిక్కల నొప్పి, కళ్లు ఎర్రబడటం (ఎలుక జ్వరం కావచ్చు, మడిలో పని చేశామని డాక్టరుకు చెప్పండి)
• గాయమైన తర్వాత దవడ బిగుసుకుపోవడం

వీటిలో ఏది కనిపించినా ఆ రోజే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లండి. మిగతా వాటికి ఊళ్లోని ఏఎన్ఎం, ఆశా కార్యకర్త ద్వారా సలహా తీసుకోండి.

రోజూ పది నిమిషాలు

సాయంత్రం కాళ్లు కడుక్కున్నాక వెలుతురులో కూర్చుని అరికాలు, మడమ, ప్రతి వేలి సందు చూసుకోండి. వంగలేనివాళ్లు నేల మీద అద్దం పెట్టుకుని చూడండి, లేదా పిల్లల్ని చూడమనండి. చేను గట్టు మీద నిలబడి పైరును ఎలా చూస్తామో అలాగే చూడాలి. మచ్చ చిన్నగా ఉన్నప్పుడే కనిపిస్తే మందూ చిన్నదే సరిపోతుంది. నేను పైరుకు మందు చెప్పేవాణ్నే గానీ డాక్టరును కాను. అందుకే అనుమానం వస్తే నా మాట దగ్గర ఆగకండి, ఆసుపత్రికి వెళ్లండి. నాట్లు ఒక రోజు ఆలస్యమైతే సర్దుకోవచ్చు, పోయిన వేలు మళ్లీ రాదు.