లారీ విడిభాగాల పరిశ్రమ (భారతదేశం): వ్యాపార నష్టభయాల చరిత్ర

లారీలు, బస్సుల వంటి వాణిజ్య వాహనాలకు ఇరుసులు, క్రాంక్‌షాఫ్టులు, బ్రేకులు, కమాను కట్టలు, చక్రాలు తయారుచేసే పరిశ్రమ ఇది. సరుకు రవాణా జోరుగా ఉంటే లారీ యజమాని కొత్త బండి కొంటాడు. కిరాయిలు తగ్గితే పాతదానికే మరమ్మతు చేయించి ఇంకో రెండేళ్లు నడుపుతాడు. కారు కొనుగోలులో ఉండే మోజు ఇక్కడ ఉండదు, లెక్కే ఉంటుంది. అందుచేత ఆర్థిక వ్యవస్థ కాస్త మందగించినా కొత్త లారీల అమ్మకం బాగా పడిపోతుంది, ఆ దెబ్బ నేరుగా విడిభాగాల తయారీదారుకు తగులుతుంది. ఈ రంగానికి వచ్చిన పెద్ద నష్టాల్లో ఎక్కువ భాగం కర్మాగారంలోని పొరపాట్ల వల్ల వచ్చినవి కావు. కోర్టు తీర్పులు, ప్రభుత్వ ప్రకటనలు, మారకపు రేట్లు వాటికి కారణం.

తొలి దశ

స్వాతంత్ర్యానికి ముందు విడిభాగాల కోసం దాదాపుగా దిగుమతుల మీదే ఆధారపడేవారు. 1953లో టారిఫ్ కమిషన్ నివేదిక తరువాత, దేశంలో తయారీ చేపట్టకుండా విడిభాగాలు తెచ్చి బిగించే కంపెనీలకు చోటు లేకపోయింది. ఫోర్డ్, జనరల్ మోటార్స్ వెళ్లిపోయాయి. 1954లో టెల్కో (తరువాతి టాటా మోటార్స్) జర్మనీకి చెందిన డైమ్లర్-బెంజ్‌తో కలిసి జంషెడ్‌పూర్‌లో లారీలు తయారుచేయడం మొదలుపెట్టింది. 1955లో అశోక్ మోటార్స్ అశోక్ లేలాండ్ అయింది. 1961లో పుణేలో నీలకంఠరావు కల్యాణి భారత్ ఫోర్జ్‌ను స్థాపించారు. 1962లో మద్రాసులో టీవీఎస్ కుటుంబం ఎయిర్ బ్రేకుల కోసం సుందరం క్లేటన్‌ను నెలకొల్పింది. లైసెన్సుల కాలంలో పోటీ బెడద పెద్దగా లేదు. ఉక్కు కోటా, విద్యుత్ కోతలే ప్రధాన ఇబ్బందులు.

యెన్ దెబ్బ

1980ల్లో నాలుగు జపాన్ సంస్థలు భారత భాగస్వాములతో తేలికపాటి వాణిజ్య వాహనాల రంగంలోకి వచ్చాయి. అలా ఏర్పడిన సంస్థల్లో ఒకటి ఆల్విన్ నిస్సాన్. హైదరాబాద్ ఆల్విన్ భాగస్వామిగా జహీరాబాద్‌లో దీని కర్మాగారం వెలిసింది. బండ్లకు కావలసిన భాగాలు మొదట్లో జపాన్ నుంచే రావాలి. 1985 సెప్టెంబరులో న్యూయార్క్ ప్లాజా హోటల్‌లో అయిదు దేశాలు డాలరు విలువ తగ్గించడానికి ఒప్పుకున్నాయి. అప్పటికి డాలరుకు సుమారు 240 ఉన్న యెన్, మూడేళ్లలోపే 130 దాటి బలపడింది. దిగుమతి భాగాల ఖర్చు అమాంతం పెరిగింది, బండి ధరలు ఎగబాకాయి. చివరికి జహీరాబాద్ కర్మాగారం మహీంద్రా చేతికి వెళ్లింది. విదేశీ భాగాలను స్థానికంగా చేయించడంలో ఆలస్యమైతే ఎంత ప్రమాదమో తెలుగునేల మీద కనిపించిన స్పష్టమైన ఉదాహరణ ఇది.

2005 నుంచి 2021 వరకు

నియమాల మార్పు ఈ పరిశ్రమను ఎలా ఊపేస్తుందో ఈ కాలంలోనే బాగా తెలిసింది. 2005 నవంబరులో సుప్రీంకోర్టు అధిక లోడును నిషేధించింది. అదే సరుకు మోయడానికి ఎక్కువ బండ్లు కావలసి రావడంతో గిరాకీ పెరిగింది, తయారీదారులు అప్పులు చేసి యంత్రాలు వేసుకున్నారు. 2008 చివర్లో ప్రపంచ ఆర్థిక సంక్షోభం వచ్చిపడింది. టాటా మోటార్స్, అశోక్ లేలాండ్ కర్మాగారాలను కొన్ని రోజులపాటు ఆపేశాయి. అమెరికాలో లారీ చక్రాలు చేసే అక్యురైడ్ 2009 అక్టోబరులో దివాలా రక్షణ కోరింది.

ఆగిన రోజుకూ ఖర్చు ఎందుకవుతుందో ఫోర్జింగ్ షాపులో చూస్తే అర్థమవుతుంది. లారీ ముందు ఇరుసుకు కావలసిన ఉక్కు దిమ్మెను సుమారు 1,200 డిగ్రీల వేడికి తెచ్చి, ప్రెస్ కింద డైల (ఉక్కు అచ్చుల) మధ్య నొక్కి ఆకారం ఇస్తారు. అంచుల్లో పొంగిన లోహాన్ని వేడి మీదే కోసేస్తారు. ఆ డై ఒక మోడల్ ఇరుసుకే పనికొస్తుంది. ఆ మోడల్ ఆర్డరు ఆగితే డై ర్యాకులోనే ఉంటుంది, ప్రెస్ మీద అప్పు వాయిదా మాత్రం నెలనెలా కట్టాలి.

2017 మార్చి 29న, గడువుకు మూడు రోజుల ముందు, సుప్రీంకోర్టు ఏప్రిల్ 1 నుంచి పాత కాలుష్య ప్రమాణమైన బీఎస్-3 వాహనాల అమ్మకాన్ని నిషేధించింది. 2018 జులైలో కేంద్రం ఇరుసు భారం పరిమితిని 20 నుంచి 25 శాతం వరకు పెంచింది. 2005 తీర్పుకు ఇది సరిగ్గా వ్యతిరేకమైన ఫలితం ఇచ్చింది. ఉన్న లారీలకే ఎక్కువ సరుకు మోసే అనుమతి వచ్చింది, కొత్తవి కొనే అవసరం తగ్గింది. అదే ఏడాది సెప్టెంబరులో రుణ సంస్థ ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ కుప్పకూలడంతో లారీలకు ఫైనాన్స్ ఇచ్చే సంస్థలు చేయి బిగించాయి. 2018-19లో 10 లక్షలు దాటిన దేశీయ వాణిజ్య వాహనాల అమ్మకం 2019-20లో 7.2 లక్షలకు, కోవిడ్ వచ్చిన 2020-21లో 5.7 లక్షలకు పడిపోయింది. మధ్యలో 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 ప్రమాణాలు అమల్లోకి వచ్చి కొత్త పెట్టుబడులు తప్పనిసరి చేశాయి.

ఈ పతనం ఎక్కువగా కుంగదీసింది జంషెడ్‌పూర్ పక్కన ఉన్న ఆదిత్యపూర్‌లోని చిన్న యూనిట్లను. టాటా మోటార్స్ ఆర్డర్లే వాటికి ప్రాణం. 2019 ఆగస్టులో ఆ సంస్థ జంషెడ్‌పూర్ కర్మాగారం విడతలుగా మూతపడినప్పుడు అనుబంధ యూనిట్లు షిఫ్టులు తగ్గించుకున్నాయి, కాంట్రాక్టు కార్మికులు పని కోల్పోయారు. ఒక్క కొనుగోలుదారు మీద బతికే యూనిట్‌కు బేరమాడే శక్తి కూడా ఉండదు. బిల్లు డబ్బు ఆలస్యమైనా అడగలేదు. చిన్న సంస్థలకు 45 రోజుల్లోపు చెల్లించాలని 2006 నాటి చట్టం చెబుతున్నా, 2023-24 ఆదాయపు పన్ను లెక్కల నుంచే ఆ నిబంధనకు కోరలు వచ్చాయి. గడువు దాటిన బకాయిని కొనుగోలుదారు అసలు చెల్లించేదాకా ఖర్చుగా చూపుకోలేడు.

తట్టుకున్న తీరు

బాబా కల్యాణి నాయకత్వంలో భారత్ ఫోర్జ్ 2004లో జర్మనీకి చెందిన కార్ల్ డాన్ పెడింగ్‌హౌస్‌ను కొని, తరువాత రక్షణ, ఇంధన రంగాలకూ విస్తరించి లారీల మీద ఆధారాన్ని తగ్గించుకుంది. సుందరం క్లేటన్ 1998లో నాణ్యతకు డెమింగ్ బహుమతి సాధించడం ఈ పరిశ్రమకే గర్వకారణం. దాని బ్రేకుల విభాగం 2008లో వేరుపడి, విదేశీ సంస్థ వాబ్కో చేతి నుంచి 2020లో జర్మనీకి చెందిన జెడ్ఎఫ్‌కు చేరింది.

మరమ్మతు మార్కెట్టు మరో అండ. కొత్త లారీలు కదలని ఏడాది పాత లారీలకు పని పెరుగుతుంది. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల షెడ్ల ముందు బ్రేక్ లైనర్లు, కమాను కట్టలు మారుస్తూ మెకానిక్కులు తీరిక లేకుండా ఉంటారు. అయితే డూప్లికేట్ స్పేర్ల బెడద ఉన్నదీ ఇక్కడే. అసలు కంపెనీ డబ్బాను పోలిన డబ్బాలో నాసిరకం లైనరు వస్తే తయారీదారు పేరూ పోతుంది, డ్రైవరు ప్రాణమూ ప్రమాదంలో పడుతుంది.

ఇటీవలి మార్పులు

2022 మేలో ఉక్కు ఎగుమతులపై కేంద్రం 15 శాతం సుంకం విధించి, నవంబరులో ఎత్తేసింది. ముడిసరుకు ధర ఎంత నిలకడలేనిదో ఆ ఆరు నెలలు చూపాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి లారీలు, బస్సులు, విడిభాగాలపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. ఎగుమతిదారులకు అమెరికా సుంకాలు అదే ఏడాది కొత్త తలనొప్పి అయ్యాయి.

దీర్ఘకాలంలో అన్నిటికన్నా పెద్ద ముప్పు విద్యుత్ వాహనాలదే. హైదరాబాద్‌కు చెందిన ఒలెక్ట్రా తయారుచేసే విద్యుత్ బస్సులో క్రాంక్‌షాఫ్టు, ఇంధన పంపు ఉండవు. బ్రేకులు, చక్రాలు, సస్పెన్షన్ చేసేవారికి గిరాకీ కొనసాగుతుంది. ఇంజను భాగాల మీదే ఆధారపడ్డ తయారీదారులకు మాత్రం కొత్త ఉత్పత్తి వెతుక్కోవడం తప్ప దారి లేదు.