చాపంలో దాక్కున్న వోల్టులు



పాత సినిమా హాళ్లలో ప్రొజెక్టరు గది పక్కగా వెళ్లినవారికి గుర్తుండే ఉంటుంది. తలుపు సందులోంచి కళ్లు జిగేలుమనిపించే తెల్లని వెలుగు వచ్చేది, ఉండి ఉండి ఒక బుస వినిపించేది. లోపల ఆపరేటరు రెండు బొగ్గు కడ్డీలను సర్దుతూ ఉండేవాడు. వాటి నడుమ వెలిగేదే విద్యుత్ చాపం. చాపమంటే విల్లు. కడ్డీలను అడ్డంగా పెడితే వేడిగాలి పైకి లేస్తుంది, దానితోపాటు మంట కూడా విల్లులా వంగుతుంది. పేరు పెట్టినవారు కళ్లతో చూసి పెట్టారన్నమాట.

1802లో సెయింట్ పీటర్స్‌బర్గులో వాసిలీ పెత్రోవ్, ఆ తరువాత లండన్‌లో హంఫ్రీ డేవీ దీన్ని వెలిగించి చూపారు. వెలిగించడం ఒక ఎత్తు, లెక్క తేల్చడం మరొక ఎత్తు. తీగ పొడవు సగం చేస్తే, అదే కరెంటుకు సగం వోల్టులు చాలు. ఇది తొమ్మిదో తరగతి పిల్లలకు కూడా తెలుసు. చాపం ఈ మాట వినదు. కడ్డీల ఎడం ఎంత తగ్గించినా వోల్టులు సున్నా వైపు పోవు, ఒక చోట మొండికేసి నిలబడతాయి. స్వీడన్ శాస్త్రవేత్త ఎడ్లుండ్ 1860లలోనే ఈ సంగతి చూపాడు. మరి ఆ మిగిలిన వోల్టులు ఎక్కడ ఖర్చవుతున్నాయి?

జవాబు వెతికినవారిలో ముఖ్యురాలు హెర్తా అయర్టన్. 1854లో ఇంగ్లండులో పుట్టింది. ఆమె భర్త విలియం అయర్టన్ ప్రొఫెసరు. చాపం మీద ఆయన మూడేళ్లు శ్రమపడి రాసిన వ్యాసం 1893 ప్రాంతంలో పనిమనిషి చేతిలో పొయ్యి రాజేసే కాగితమైపోయిందని చెబుతారు. ఆయన మళ్లీ మొదలుపెట్టలేదు. ఆమె మొదలుపెట్టింది.

గట్టి బొగ్గు కడ్డీలకు ఆమె తేల్చిన సూత్రంలో 38.88 వోల్టులు స్థిరంగా ఉంటాయి. ఎడం మిల్లీమీటరు పెరిగితే దాదాపు 2 వోల్టులు చేరతాయి. వీటికి తోడు, కరెంటు పెరిగినకొద్దీ తగ్గే భాగం ఒకటి ఉంటుంది. ఆ 38.88 ఎక్కడుందో చూడటానికి ఆమె మూడో బొగ్గు కడ్డీని చాపంలోకే దించి కొలిచింది. అందులో 31 వోల్టులకు పైగా ధన కడ్డీ ముఖం దగ్గరే పోతున్నాయి, 7.6 వోల్టులు రుణ కడ్డీ దగ్గర. నడుమ ఉన్న వెలుగు ప్రవాహానికి అయ్యే ఖర్చు చాలా తక్కువ. నదికి రెండు ఒడ్డుల దగ్గరే సుంకం కట్టించుకున్నట్టు!

బుస సంగతి కూడా ఆమే తేల్చింది. గాలిలోని ఆక్సిజన్ ధన కడ్డీ గుంటలోని వేడి బొగ్గును తాకినప్పుడు చాపం బుసకొడుతుంది. 1899లో లండన్ విద్యుత్ ఇంజనీర్ల సంస్థలో ఈ వ్యాసం తానే చదివింది. అంతకు ముందు ఏ స్త్రీ అక్కడ తన వ్యాసం చదవలేదు. 1901లో రాయల్ సొసైటీకి పంపిన వ్యాసాన్ని మాత్రం జాన్ పెర్రీ చదవవలసి వచ్చింది. 1902లో ఆమె పేరు సభ్యత్వానికి వచ్చింది. వివాహిత స్త్రీకి చోటు లేదని తోసిపుచ్చారు. అదే సొసైటీ 1906లో ఆమెకు హ్యూస్ పతకం ఇచ్చింది. పతకానికి అర్హురాలు, కుర్చీకి కాదు! ఆమె 1923లో కన్నుమూసింది. అక్కడ స్త్రీలు తొలిసారి సభ్యులైంది 1945లో.

ఆమె కొలతలు నిలిచాయి, వివరణ మాత్రం మారింది. ఆమె బొగ్గు ఆవిరి పొర అడ్డుపడుతోందని అనుకుంది. ఎలక్ట్రాన్ల సంగతి తెలిశాక బొమ్మ స్పష్టమైంది. కడ్డీ ముఖాన్ని ఆనుకొని అతి పలుచని పొరలో విద్యుదావేశం పేరుకుంటుంది. రాగి, ఇనుము వంటి లోహాల విషయంలో ప్రధాన ఖర్చు రుణ ధ్రువం దగ్గర పడుతుంది, ఇంచుమించు 10 నుంచి 20 వోల్టులు. అక్కడ ధన అయాన్లు గుమిగూడి, లోహంలోంచి ఎలక్ట్రాన్లను బయటికి లాగుతాయి. వెల్డింగులో చాపం ఎంత పొట్టిగా ఉన్నా ఇరవై వోల్టులు దాకా అడగడానికి కారణమిదే.

ఈ సుంకాన్ని లాభంగా మార్చుకున్నవాడు అమెరికాలో జోసెఫ్ స్లెపియన్. 1920ల చివర అతను స్విచ్చిలో పుట్టే చాపాన్ని వరుసగా పేర్చిన లోహపు రేకుల మధ్యకు తోసి, ముక్కలు చేసే పద్ధతి తెచ్చాడు. ఒక్కొక్క ముక్కకు మళ్లీ రెండు ఒడ్డులు, మళ్లీ ఇరవై వోల్టులు చొప్పున సుంకం. రేకులు పదీ పన్నెండూ ఉంటే అంత మొత్తం కట్టలేక చాపం ఆరిపోతుంది. మీ ఇంటి మీటరు పక్కన టక్కున పడే ఎం.సి.బి. పెట్టెలోనూ అటువంటి రేకులే వరుసగా ఉంటాయి.