కొన మారితే కాడ మారాలి: ఆస్ట్రేలియాలో విల్లు, ఈటె

1770 ఆగస్టు 22న కేప్ యార్క్ కొస దగ్గర, తరువాత పొసెషన్ దీవిగా పేరుపడ్డ చోట, జేమ్స్ కుక్‌కు ఒడ్డున పదిమంది కనిపించారు. తొమ్మిదిమంది చేతుల్లో ఈటెలు, ఒక్కరి చేతిలో విల్లు, బాణాల కట్ట. తూర్పు తీరం వెంట అంతదూరం వచ్చిన ఆయన అక్కడ విల్లును చూడడం అదే మొదలు. టోరెస్ జలసంధి దీవుల్లో వెదురు విల్లు వాడుకలో ఉండేది; బాణాలు ఎక్కువగా న్యూగినీ నుండి వర్తకంలో వచ్చేవి. దక్షిణాన ప్రధాన భూభాగంలో మాత్రం ఈటెదే రాజ్యం. చాలాచోట్ల దాన్ని విసరడానికి ఊమెరా అనే కర్ర తోడుండేది.

ఈ తేడాకు పందొమ్మిదో శతాబ్దం పెద్ద అర్థమే కట్టింది. లూయీ హెన్రీ మోర్గన్ 1877లో మానవ ప్రగతిని మెట్లుగా విభజించి, ఆటవిక దశలోని పై మెట్టుకు విల్లును గుర్తుగా పెట్టాడు; ఆస్ట్రేలియా ఆదివాసులను దాని కింది మెట్టున నిలిపాడు. 1884లో ఎంగెల్స్ ఆ విభజననే స్వీకరించాడు. తెలుగు పాఠకులకూ అది ఆ దారినే ఎక్కువగా పరిచయం. ఈ కొలత ప్రకారం, విల్లున్నందుకే నల్లమల చెంచులు ఒక మెట్టు పైన ఉండాలి.

ఆ కొలత పనిముట్టు ఉందా లేదా అని మాత్రమే అడుగుతుంది, దాని పనితనాన్ని చూడదు. నారి వదిలిన క్షణంలో బాణపు కాడ వంగుతుంది. కొన బరువు పెరిగితే ఆ వంపూ పెరుగుతుంది; అప్పుడు గట్టి కాడనో, పొట్టి కాడనో ఎంచుకోవాలి, లేదా విల్లు బిగువు తగ్గించాలి. వేటకొనల వెడల్పాటి రేకులు గాలిని పట్టి, పొందికలోని చిన్న లోపాన్ని కూడా పెద్దది చేస్తాయి. న్యూగినీ బాణాలకు ఈకలుండవు. వాటిని దారిలో నిలిపేది ముందువైపు బరువే. కనుక అక్కడ కొన ఎంపికే గురి ఎంపిక.

ఊమెరాతో విసిరిన ఈటె కూడా ఇలాగే వంగుతుంది. దానికీ కొన, కాడ, విసురు మూడూ కుదరాలి. సిడ్నీ ప్రాంతంలో గ్రాస్ ట్రీ పూకాడలను బంకతో అతికి తేలికైన కాడలు చేసేవారు. చేపల ఈటెలకు పలు కొనలు, ఎముక ముళ్ళు అమర్చేవారు. 1770 ఏప్రిల్‌లో బోటనీ బే వద్ద కుక్ బృందం ఇటువంటి నలభై ఈటెలను పట్టుకుపోయింది. మిగిలిన నాలుగింటిని కేంబ్రిడ్జ్ ట్రినిటీ కళాశాల 2024లో లా పెరూజ్ ఆదివాసీ సమాజానికి తిరిగి ఇచ్చింది. మోర్గన్ మెట్లలో వెనుకబాటుగా లెక్కకెక్కిన నేర్పు, ఆ నాలుగు ఈటెల అతుకుల్లో, కొనల్లో ఇప్పటికీ చదవదగినట్లుగా ఉంది.