కరెంటు ఎర్రగా దూకితే

మంట దగ్గరికి జరగండర్రా, మా మెకానిక్ షెడ్డు రోజుల ముచ్చట చెబుతాను. చేతక్ స్కూటర్ 1972లో వచ్చింది. డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూస్తే గానీ చేతికొచ్చేది కాదు. అందుకే బండి మొరాయిస్తే, ఇంట్లో పిల్లాడికి జ్వరమొచ్చినంత కంగారుపడేవారు.

మా ఊరి మాస్టారి చేతక్‌కి ఓ వింత జబ్బు పట్టుకుంది. పొద్దున్నే ఒక్క కిక్కుకే అందుకునేది. రెండు ఊళ్లు దాటి ఇంజను వేడెక్కిందా, టప్పున ఆగిపోయేది. చెట్టు నీడన అరగంట ఉంచితే మళ్లీ మామూలే. ఒకరు ప్లగ్గు మార్పించారు. ఇంకొకరు కార్బొరేటర్ విప్పించారు. చివరికి కాయిల్ పోయిందని, కొత్తది కొనమన్నారు. బడిపంతులు జీతంలో అది చిన్న ఖర్చు కాదు.

మా మేస్త్రీ ముందు బండిని బాగా వేడెక్కనిచ్చాడు. ఆగిపోగానే ప్లగ్గు ఊడదీసి, క్యాపులో పెట్టి, హెడ్డుకి ఆనించి, నన్ను కిక్కు కొట్టమన్నాడు. చిటుక్కుమని నీలంగా దూకాల్సిన కరెంటు, చప్పుడు లేకుండా సన్నగా, ఎర్రగా మినుకుమంది. "బయట దూకుతోంది కదా అని నమ్మకురా. లోపల పెట్రోలూ గాలీ గట్టిగా నొక్కుకుని ఉంటాయి. అక్కడ దూకాలంటే ఇంకా ఎంతో బలం కావాలి" అన్నాడు.

తర్వాత మూత తీసి, మాగ్నెట్‌కున్న కిటికీలోంచి పాయింట్లు చూపించాడు. ఇంజను తిరుగుతుంటే ఆ రెండు బుడిపెలూ కలుస్తూ విడిపోతూ ఉంటాయి. విడిపోయిన క్షణంలోనే కాయిల్లో 10 వేల వోల్టులకు పైగా పుడుతుంది. ఎంత చటుక్కున విడిపోతే అంత బలం. ఆ సందులోనే నిప్పు రేగితే బలమంతా అక్కడే ఖర్చయిపోతుంది. అలా రేగకుండా కాసేది కండెన్సర్, బొటనవేలంత డబ్బా. మాస్టారి బండిలో ఒక పాయింటు మీద గుంట, రెండోదాని మీద మొటిమ, చుట్టూ నల్లటి మసి. పాయింట్లు అలా కాలాయంటే కండెన్సర్ నీరసించిందని గుర్తు. వేడికి అది చేతులెత్తేసేది, చల్లబడితే కోలుకునేది. అరగంట ఆగితే బండి మళ్లీ బతికింది అందుకే.

పుల్లర్ వేసి మాగ్నెట్ లాగి కండెన్సర్ మార్చాం. పాయింట్లని సన్నటి ఉప్పుకాగితంతో రుద్ది, పెట్రోల్ గుడ్డతో జిడ్డు లేకుండా తుడిచాం. పాయింట్లు పూర్తిగా తెరుచుకున్న చోట ఆపి, ఫీలర్ గేజ్‌తో 0.4 మిల్లీమీటర్ల సందు పెట్టాం. ప్లగ్గుకి 0.6. కాయిల్ బిగించిన చోట తుప్పు గీకి ఎర్త్ గట్టిచేశాం. కామ్‌కి రాసుకునే ఫెల్ట్ మీద ఒక్క చుక్క నూనె. అంతకు మించితే పాయింట్ల మీదకి చిమ్మి మళ్లీ మొదటికొస్తుంది. ఈసారి కిక్కు కొడితే కరెంటు నీలంగా చిటుక్కుమంది. కాయిల్ పాతదే.

నిప్పు కనిపించేది ప్లగ్గు దగ్గరే, కానీ దాని బలం తేలేది పాయింట్ల దగ్గర. తర్వాత సీడీఐ అనే ఎలక్ట్రానిక్ పద్ధతి వచ్చి పాయింట్లే లేకుండా పోయాయి. అయినా మీ కొట్టాల్లో పాయింట్ల రకం లూనా, నీళ్లింజను ఏదైనా మూలపడి ఉంటే తూకానికి వేసేయకండి. ముందు ఆ మూత విప్పి చూడండి. చిన్న సామానుతో లేచి తిరిగే ఇంజన్లని ఇనుము కింద అమ్ముకోవడం నాకు మనసొప్పదు.