ఆకాశయానమునకు ఛాయాచిత్ర సాక్ష్యము

గ్రంథాలయ రజతోత్సవ సంచికకు చరిత్ర వ్యాసము నొకదానిని వ్రాయుమని కార్యవర్గమువారు కోరిరి. రాజులను గూర్చియు, యుద్ధములను గూర్చియు వ్రాయువారు పెక్కుమంది కలరు. నేను ఒక్క చిత్రమును గూర్చి వ్రాయదలచితిని. నేడు ఇండ్లలోను, విద్యాలయములలోను పలుచని అల్యూమినియము రేకులపై అచ్చొత్తిన పాత విమానముల బొమ్మలను గోడలకు తగిలించుచున్నారు. వానిలో మిక్కిలి ప్రసిద్ధమైనది 1903 డిసెంబరు 17వ తేదీన తీయబడిన రైటు సోదరుల విమానపు చిత్రము. చూచువారు దానిని అలంకారమనుకొందురు. లెక్కలు వ్రాయువాని కంటికి మాత్రము అది యొక దస్తావేజు.

లోహముపై వ్రాత మనకు క్రొత్త కాదు. వేంగీ చాళుక్యులు తమ భూదానములను రాగిరేకులపై చెక్కించి, ఆ రేకులను కడియమున గ్రుచ్చి, త్రిభువనాంకుశ ముద్ర వేయించి యిచ్చిరి. తాటియాకును చెదలు తినును, రాగిరేకు నిలుచును. ఛాయాచిత్రమును లోహముపైననే ప్రసిద్ధికి వచ్చినది. 1839లో ఫ్రాన్సు దేశమున ప్రకటింపబడిన డాగ్యురే పద్ధతిలో వెండిపూత గల రాగిరేకే చిత్రఫలకము. పిమ్మట గాజుపలకలు, కాగితము వచ్చినవి. ఇప్పుడు మరల లోహము వచ్చినది. రంగులను మొదట కాగితముపై అచ్చొత్తి, పూత పూసిన అల్యూమినియము రేకుపై దానిని బోర్లించి, మిక్కిలి వేడితో అదుముదురు. రంగు ఆవిరియై పూతలోనికి ఇంకి అచ్చటనే నిలిచిపోవును. రేకు ఎంత గట్టిదైనను, దానిమీది చిత్రమునకు మూలమెట్టిదో తెలియవలెను గదా!

రైటు సోదరులు అమెరికాలోని డేటన్ నగరమున సైకిళ్లు చేసి అమ్ముకొనుచుండిరి. వారికి కళాశాల పట్టములు లేవు. గ్రంథములు చదివి, లెక్కలు కట్టి, 1901లో గాలిసొరంగమును నిర్మించి రెక్కల నమూనాలను పరీక్షించిరి. ఉత్తర కరోలినా రాష్ట్రమున కిట్టీహాక్ సమీపముననున్న ఇసుకదిబ్బల కడ మూడేండ్లు యంత్రములేని విమానములను ఎగురవేసి చూచిరి. 1903లో యంత్రము అమర్చిరి. డిసెంబరు 14వ తేదీన విల్బర్ చేసిన ప్రయత్నము నిలువక విమానము కొంత దెబ్బతిన్నది. దానిని బాగుచేసికొని 17వ తేదీ ఉదయమున మరల సిద్ధమైరి. ఈసారి వంతు ఆర్విల్‌ది.

విమానమెక్కుటకు ముందు ఆర్విల్ చేసిన పనిని గమనింపవలెను. ముక్కాలిపై కెమెరాను నిలిపి, విమానము 60 అడుగుల పట్టాను విడిచి లేచుననుకొన్న తావునకు గురిపెట్టెను. రబ్బరు బుడ్డిని ఒత్తు పనిని జాన్ డేనియల్స్‌కు అప్పగించెను. డేనియల్స్ సముద్రతీర రక్షణశాలలో ఉద్యోగి, ఛాయాగ్రాహకుడు కాడు. 10 గంటల 35 నిమిషములకు విమానము లేచినది. 12 సెకండ్లలో 120 అడుగులు పోయి ఇసుకపై దిగినది. విమానము పట్టాను విడిచి లేచిన క్షణముననే డేనియల్స్ బుడ్డి నొత్తెను. చిత్రమున ఆర్విల్ క్రింది రెక్కపై బోర్లపడుకొని యున్నాడు. విల్బర్ కుడివైపున పరుగెత్తి ఆగినట్లున్నాడు. నాటి నాల్గవ ప్రయాణమున విల్బర్ 59 సెకండ్లలో 852 అడుగులు పోయెను. పిదప పెనుగాలి విమానమును తలక్రిందులు చేసినది. దానిని పట్టుకొనబోయి డేనియల్స్ అందులో చిక్కుకొని దెబ్బలు తినెను.

ఈ చిత్రము ఎందుకు దస్తావేజు అంటిమి? చాలకాలము దానికి ప్రతివాదము నడచినది. స్మిత్సోనియన్ సంస్థ కార్యదర్శియైన లాంగ్లీ నిర్మించిన విమానము 1903 అక్టోబరులోను, డిసెంబరు 8వ తేదీనను పొటోమాక్ నదిలో కూలినది. 1914లో ఆ విమానమునకు మార్పులు చేయించి కొద్దిగా ఎగురవేసి, మనుష్యుని మోసికొని ఎగురగల మొదటి విమానము లాంగ్లీదే యని ఆ సంస్థ ప్రకటించినది. ఆర్విల్ ఖిన్నుడై 1928లో తన విమానమును లండను నగరపు విజ్ఞాన ప్రదర్శనశాలకు పంపివేసెను. 1942లో సంస్థవారు తమ ప్రకటనను ఉపసంహరించుకొనిరి. 1948 డిసెంబరు 17వ తేదీన విమానము వాషింగ్టనులో ప్రతిష్ఠింపబడినది. ఆర్విల్ దానిని చూడలేదు. ఆ యేడు జనవరి 30వ తేదీన ఆయన మరణించెను. మరునాడే డేనియల్స్‌ను కన్నుమూసెను.

మూలమైన గాజుపలకకు మరియొక గండము కలిగినది. 1913 మార్చిలో డేటన్ నగరమును వరద ముంచినప్పుడు రైటుల ఇంటి ఆవరణలోని పలకలు నీట మునిగినవి. కొన్ని చెడినవి. ఈ పలక మాత్రము ఒక మూల కొంత చెదరి మిగిలినది. నేడు అది అమెరికా కాంగ్రెసు గ్రంథాలయమున భద్రముగా నున్నది. ఒక గ్రంథాలయము దానిని కాపాడుట మనకు సంతోషకరము.

పుష్పక విమానము రామాయణములో లేదా యని కొందరు అడుగుదురు. ఉన్నది. కాని అది ఆదికవి భావనలో ఎగిరిన విమానము. ప్రాచీనమని చెప్పబడు వైమానిక శాస్త్రమును 1974లో బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థ పండితులు పరిశీలించి, అందలి విమానములు ఎగురజాలవనియు, ఆ గ్రంథము ఇరువదవ శతాబ్దపు రచనయే యనియు తేల్చిరి. ఇట్లు చెప్పుట కావ్యమునకు అవమానము కాదు. కావ్యమును సాక్షిబోనులో నిలబెట్టుటయే అవమానము. మన దేశపు సత్యచరిత్రలోనే గర్వింపదగిన ఘట్టమున్నది. 1911 ఫిబ్రవరి 18వ తేదీన అలహాబాదు నుండి నైనీకి యమునను దాటి, సుమారు 6,500 ఉత్తరములతో పెకే అను ఫ్రెంచి వైమానికుడు పోయెను. ప్రపంచమున అధికారికమైన తొలి విమానపు తపాలా అదియే.

కావున మన గ్రంథాలయపు గోడకు అట్టి చిత్రమును కొనదలచినచో, ఒక్క మనవి. అంగళ్లలో అమ్మువారు అందము కొరకు అంచులు కత్తిరింతురు, లేని రంగులు పూయుదురు. విల్బర్‌ను కత్తిరించిన చిత్రము సాక్షి సంతకమును చించిన పత్రము వంటిది. పూర్తి చిత్రమునే కొనవలెను. భూమికి చెక్కుబంది వ్రాసినట్లు దాని క్రింద నాలుగు పంక్తులు వ్రాయింపవలెను: తీసినదెవరు, ఎచ్చట, ఏ తేదీన, మూలము ఎచ్చట నున్నది. చదువవచ్చిన బాలుడు ఆ నాలుగు పంక్తులను చదివి, తరువాత ఏ చిత్రమును చూచినను ఆ నాలుగు ప్రశ్నలనే వేయ నేర్చుకొన్నచో, చిత్రమునకు పెట్టిన సొమ్ము వృథా కాదు.